గదికి ఒకరు ఎక్కువ: ఉస్మానియా హాస్టల్ జ్ఞాపకాలు

ఉస్మానియా క్యాంపస్‌లో ఇద్దరికని రాసిచ్చిన హాస్టల్ గదిలో ముగ్గురుంటారు. ముగ్గురి గదైతే నలుగురు, పరీక్షల కాలంలో ఐదుగురు. ఆ ఎక్కువ మనిషి నాన్‌బోర్డర్. రిజిస్టర్‌లో పేరుండదు గానీ గోడ అల్మారాలో కింది అర అతనిదే. పక్క ఊరివాడో, కోర్సు అయిపోయి గ్రూప్స్‌కి చదువుకుంటున్న సీనియరో, సీటొచ్చి హాస్టల్ ఇంకా రాని జూనియరో అయ్యుంటాడు. పాత హాస్టలర్లు కలిస్తే నీళ్ళ గురించి, ఫ్యూజుల గురించి, పలచటి పప్పు గురించి, మెస్ బిల్లు గురించి మాట్లాడుకుంటారు. వీటిలో దేని లెక్క తీసినా ఆ పేరులేని మనిషి దగ్గరే తేలుతుంది. అతన్ని తిట్టుకున్నది ఎక్కువ, బయటికి పంపింది తక్కువ.

ఈ అలవాటు హాస్టళ్ళ కంటే పాతది. జిల్లాల నుంచి హైదరాబాద్‌కి చదువుకొచ్చిన పిల్లలు ఒకప్పుడు చుట్టాల వరండాల్లో పడుకుని, ఇంటికో రోజు వారాలు చేసుకుని చదివినవాళ్ళే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1918లో ఉర్దూ మాధ్యమంతో విశ్వవిద్యాలయం ఏర్పడింది. అదే ఏడాది రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి చొరవతో నగరంలో రెడ్డి హాస్టల్ మొదలైంది. గోలకొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టల్ బాధ్యతలూ చూశారు. ఊరి నుంచి వచ్చిన పిల్లవాడికి నగరంలో మొదట కావలసింది పుస్తకం కాదు, పెట్టె దించుకునే చోటు అని ఆ తరం పెద్దలకు బాగా తెలుసు.

విశ్వవిద్యాలయం మొదట్లో నగరంలోని బంగళాల్లో నడిచి తర్వాత అడిక్‌మెట్ వైపు వచ్చింది. ఆర్ట్స్ కాలేజీకి 1934 జూలై 5న పునాదిరాయి వేశారు, 1939 డిసెంబరు 4న ప్రారంభించారు. బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్ గీసిన ఆ గులాబిరంగు రాతి భవనం ముందే ఇవాళ్టికీ అందరూ ఫోటోలు దిగుతారు. ఆ భవనం తలుపులు తెరవక ముందే హాస్టల్ చరిత్రకెక్కింది. 1938 చివర్లో హాస్టల్ ప్రార్థన గదిలో విద్యార్థులు వందేమాతరం పాడారు. పాడకూడదన్నారు, పిల్లలు సమ్మె కట్టారు, బహిష్కరణలు జరిగాయి. అలా బయటపడ్డవాళ్ళలో చాలామందిని నాగపూర్ విశ్వవిద్యాలయం చేర్చుకుంది. పి.వి. నరసింహారావు వారిలో ఒకరు. పాఠ్యపుస్తకాలు ఈ సంగతిని పాట వైపు నుంచి చెప్తాయి. హాస్టలర్లను చెప్పమంటే చాప వైపు నుంచి చెప్తారు: ఇక్కడ గది పోయినవాళ్ళకి అక్కడ ఎవరెవరో చోటిచ్చారు.

1948 తర్వాత ఉర్దూ స్థానంలో ఇంగ్లీషు వచ్చింది, కోర్సులు పెరిగాయి. ఎ, బి హాస్టళ్ళకి తోడు ఇ హాస్టల్, పీజీ హాస్టళ్ళు, ఇంజనీరింగ్ పిల్లల హాస్టళ్ళు, రీసెర్చ్ స్కాలర్ల హాస్టళ్ళు పుట్టుకొచ్చాయి. ఎన్ని కట్టినా గదికి ఒకరు ఎక్కువే. 1969లోనూ, 2009 చివర్లోనూ తెలంగాణ ఉద్యమానికి ఈ క్యాంపస్ గుండెకాయ అయినప్పుడు ఆ సంఖ్య ఇంకా పెరిగింది. ఉద్యమ చరిత్ర రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి దాన్ని వాళ్ళకే వదిలేసి గదిలోకి వద్దాం.

గదిలో రెండు మంచాలు, రెండు బల్లలు, రెండు కుర్చీలు, ఒక గోడ అల్మారా, ఒక ఫ్యాను, ఒక ట్యూబ్‌లైటు, స్విచ్‌బోర్డులో ఒక 5 ఆంపియర్ల సాకెట్టు. మంచాలు గోడలకి ఆనించి వేస్తే మధ్యలో మిగిలే జాగా నాన్‌బోర్డర్ పరుపుది. తెల్లారగానే ఆ పరుపు చుట్ట చుట్టి మంచం కిందికి పోవాలి, లేకపోతే తలుపు పూర్తిగా తెరుచుకోదు. ఫ్యాను సరిగ్గా గది మధ్యలో ఉంటుంది కాబట్టి ఎండాకాలం అసలు గాలి నేల మీదివాడికే. ఏప్రిల్ వచ్చేసరికి మంచాల మీదివాళ్ళు కిందికి దిగుతారు, అతను డాబా మీదికి పోతాడు.

సాకెట్టు దగ్గరే సగం గొడవలు. 230 వోల్టుల మీద 1000 వాట్ల కాయిల్ హీటర్ సుమారు 4.3 ఆంపియర్లు లాగుతుంది. ఒక్కటైతే ఇబ్బంది లేదు. కానీ ఒకే ఫ్యూజు మీద వరసగా కొన్ని గదులుంటాయి. మెస్ మూతపడిన సాయంత్రం రెండు గదుల్లో అన్నం, మూడో గదిలో గుడ్లు పెట్టారంటే 13 ఆంపియర్లు. ఫ్యూజు తీగ కరుగుతుంది. కరగడమే దాని పని. అప్పుడు వరండాలో ఎవరో ఒకరు కిట్‌క్యాట్ (ఫ్యూజు తీగ బిగించే పింగాణీ బిళ్ళ) పీకి, సన్న తీగ బదులు వైరులోంచి నాలుగు రాగి పోగులు తీసి మెలేసి బిగిస్తారు. ఇక ఫ్యూజు పోదు. దాని బదులు గోడలో వైరు వేడెక్కుతుంది, పైతొడుగు మెత్తబడుతుంది, స్విచ్‌బోర్డు అంచులు నల్లబడతాయి, బేకలైట్ కాలిన వాసన వస్తుంది. అర్ధగంటలో బాగయ్యేది మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా చీకటి. తెలివైన హాస్టలర్ పెట్టెలో 5 ఆంపియర్ల ఫ్యూజు తీగ చుట్ట ఒకటి, టెస్టర్ ఒకటి తప్పకుండా ఉండేవి. ఆ మనిషికి ఆ వరండాలో వార్డెన్‌కి లేనంత విలువ.

కాయిల్ హీటర్‌కి ఇంకో జబ్బుంది. పింగాణీ పళ్ళెం గాడిలో చుట్టిన నైక్రోమ్ తీగ మీద పాలు, గంజి పొంగి పడతాయి, తీగ ఒకచోట తెగుతుంది. తెగిన కొసలు రెండూ మెలేసి మళ్ళీ వాడతారు. ఆ ముడి దగ్గర పట్టు సరిగా ఉండదు కాబట్టి అక్కడే ఎక్కువ వేడెక్కి కొన్ని రోజులకి అక్కడే తెగుతుంది. ప్రతిసారీ కాలిన ముక్క తీసేయడంతో కాయిల్ పొట్టిదవుతుంది. పొట్టిదైతే మంట తగ్గుతుందనుకుంటారు, జరిగేది తలకిందులు. తీగ పదో వంతు తగ్గితే రెసిస్టెన్స్ అంత తగ్గి, 1000 వాట్ల హీటర్ 1100 వాట్లకి పైగా లాగుతుంది. ‘అన్నా, మా హీటర్ ఈమధ్య జోరుగ కాలుతున్నది’ అని జూనియర్ సంబరపడ్డాడంటే ఆ వారంలో ఫ్యూజు ఖాయం.

డిసెంబరు, జనవరిల్లో నీళ్ళు కాచుకునే రాడ్డు. 1500 వాట్ల రాడ్డు 18 లీటర్ల బకెట్ చన్నీళ్ళ వేడిని 30 డిగ్రీలు పెంచడానికి 25 నిమిషాలు తీసుకుంటుంది. వరండాలో నలుగురు వరసకడితే నాలుగోవాడికి మొదటి క్లాసు పోయినట్టే. రాడ్డును నీళ్ళలో గుర్తు దాకా ముంచాకే స్విచ్ వేయాలి, స్విచ్ తీసి ప్లగ్గు పీకాకే నీళ్ళలో వేలు పెట్టాలి. గాల్లో ఉండగా స్విచ్ వేస్తే కొద్దిసేపట్లో రాడ్డు పోతుంది. ప్లాస్టిక్ బకెట్ అంచుకి ఆనించి పెడితే బకెట్‌కి రంధ్రం. అలా చిల్లి పడ్డ బకెట్లకి రేకు కాల్చి అంటించిన మచ్చలు ప్రతి గదిలోనూ కనిపించేవి.

నీళ్ళ విషయంలో పై అంతస్తువాళ్ళ కష్టం కింది అంతస్తువాళ్ళు ఎన్నడూ నమ్మలేదు. ట్యాంకు డాబా మీద ఉంటుంది, కాబట్టి పైవాళ్ళకే ముందు నీళ్ళొస్తాయని చాలామంది లెక్క. నీళ్ళ ఒత్తిడి మాత్రం ట్యాంకు నుంచి ఎంత కిందికి ఉంటే అంత ఎక్కువ. పొద్దున ఏడింటికి కింద పది కుళాయిలు ఒకేసారి తిప్పితే పై కుళాయిలో నీళ్ళు సన్నబడి, చివరికి గాలి బుసకొడుతుంది. అందుకే పై అంతస్తులో రాత్రి పదకొండుకే బకెట్లు నింపి, మూతపెట్టి, పెయింటుతో రూమ్ నంబరు రాసి పెట్టుకునేవాళ్ళు. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయి మళ్ళీ నిండితే పైపులో గాలి చిక్కుకుని, ట్యాంకు నిండుగా ఉన్నా కుళాయి రాదు. అన్నిటికంటే కింది కుళాయి పూర్తిగా తిప్పి కాసేపు వదిలితే చాలాసార్లు గాలి పోతుంది. ఈ కిటుకు తెలియక మోటారు కాలిపోయిందని పుకారు పుట్టించినవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. రాత్రి బకెట్లు నింపే డ్యూటీ సహజంగా నాన్‌బోర్డర్‌దే. ఎవరూ చెప్పరు, అతనే చేస్తాడు.

ఇక మెస్. హాస్టల్ స్వభావం తెలియాలంటే మెస్ పుస్తకం చూడాలి. తిండి రుచి కంటే దాని లెక్కే పిల్లల్ని కలిపింది, విడగొట్టింది.

పాత పద్ధతి డివైడింగ్. నెల ఖర్చంతా కూడి, ఆ నెల తిన్న మనిషి-రోజులతో భాగిస్తే రోజు రేటు వస్తుంది. లెక్క తేలిగ్గా ఉండేందుకు ఒక మెస్ అనుకుందాం. 120 మంది, 30 రోజులు, అంటే 3,600 మనిషి-రోజులు. సరుకు మనిషికి రోజుకి 45 రూపాయల చొప్పున 1,62,000, వంటవాళ్ళ జీతాలు, గ్యాసు కలిపి 54,000. మొత్తం 2,16,000, రోజు రేటు 60. ఊరికి పోయేవాడు ముందురోజే పుస్తకంలో కట్, అంటే ఆ రోజులు తన లెక్కలోంచి తీసేయమని, రాయించుకోవాలి. ఇప్పుడు దసరాకి 40 మంది పదేసి రోజులు కట్ పెట్టారనుకోండి. సరుకు 1,44,000కి తగ్గుతుంది, జీతాలూ గ్యాసూ మాత్రం అలాగే ఉంటాయి. 1,98,000ని 3,200తో భాగిస్తే దాదాపు 61.88. పండక్కి పోకుండా ఉన్నవాడు ఖాళీ మెస్‌లో తిన్నందుకు ఎక్కువ కట్టాలి. సెలవుల నెల బిల్లు ఎక్కువొచ్చిందని మెస్ సెక్రటరీ మీద పడ్డ గొడవల్లో ఎక్కువ శాతం ఈ భాగహారం తెలియకే.

ఇందులోకి నాన్‌బోర్డర్‌ని తెద్దాం. లెక్కలో లేని 20 మంది నెలంతా తింటే 600 రోజుల సరుకు, 27,000 రూపాయలు. భాగించేది మాత్రం అదే 3,600తో. రోజు రేటు 60 నుంచి 67.50కి ఎగబాకుతుంది. ప్రతి బోర్డర్ మీద నెలకి 225 రూపాయల అదనపు బరువు. స్కాలర్‌షిప్ డబ్బు నెలల తరబడి రాని రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. కిరాణా అతనికి బాకీ పెరిగితే ఆయన ధర పెంచడు, మెల్లగా సరుకు దించుతాడు. పాత బియ్యం బదులు కొత్త బియ్యం వస్తాయి. కొత్త బియ్యం కిలో చౌకే గానీ ఒదగవు, ముద్దవుతాయి, తిన్న గంటకే ఆకలేస్తుంది, కాబట్టి పూటకి ఇంకా నాలుగు కిలోలు ఎక్కువ పోయాలి. బేరం చేశామనుకున్న సెక్రటరీ నెలాఖరుకి స్టాకు పుస్తకం ముందు తల పట్టుకునేవాడు.

మామూలుగా 120 మందికి పూటకి ఒక 25 కిలోల బస్తా బియ్యం, 5 కిలోల 400 గ్రాముల కందిపప్పు. మనిషికి 45 గ్రాముల పప్పు. అదే పప్పు 140 మందికి సర్దితే 39 గ్రాములు దాటదు. వంట మాస్టర్ నీళ్ళు పోస్తాడు, ఆ తేడా నాలుకకి తెలియకుండా చింతపండు, కారం పెంచుతాడు. అయితే పలచటి పప్పు తప్పంతా నాన్‌బోర్డర్ మీద వేయడం అన్యాయం. బోరు నీళ్ళలో పప్పు మెత్తబడదు, గట్టి నీళ్ళలోని సున్నం పప్పును పట్టేస్తుంది. మంజీర నీళ్ళు, అంటే నగరానికి నది నుంచి వచ్చే కుళాయి నీళ్ళు, రాని రోజు మాస్టర్ బోరు నీళ్ళతో ఎసరు పెట్టి, ఎంతకీ ఉడక్కపోతే చిటికెలు చిటికెలుగా వంటసోడా వేస్తాడు. పప్పు విచ్చుతుంది గానీ రంగు మారి, సబ్బు నాకినట్టు ఓ రుచి తగులుతుంది. అది తెలిసిన సీనియర్ ముందు చారు వడ్డించుకుంటాడు, పప్పు గిన్నె వైపు చూడడు. మంజీర నీళ్ళను ముందు వంటకి పట్టి పెట్టాకే మిగతా పనులకి వదలాలన్నది మంచి మెస్ కమిటీల నియమం.

ఆదివారం కోడికూర దగ్గర లెక్క ఇంకా బట్టబయలు. 20 కిలోల కోడి, కిలోకి 12 ముక్కలు, మొత్తం 240. మనిషికి రెండు. ఇరవై మంది ఎక్కువైతే ఆలస్యంగా లేచినవాళ్ళకి పులుసే మిగులుతుంది, గిన్నె ముందు కొట్లాట. దీనికి సెక్రటరీలు కనిపెట్టిన విరుగుడు భలేది. కోడి కొట్టేవాడితో కిలోకి 14 ముక్కలు కొట్టమని చెప్పడం. 280 ముక్కలు, 140 మందికి రెండేసి. బరువు ఎవరూ తూచరు, ముక్కలు అందరూ లెక్కపెడతారు. టోకెన్ పద్ధతి పెట్టినప్పుడు ఈ ఉపాయం అవసరం పడలేదు గానీ, టోకెన్ పెట్టిన సెక్రటరీని మరుసటి ఏడు ఎవరూ మళ్ళీ ఎన్నుకోలేదనేది చాలా హాస్టళ్ళలో చెప్పుకునే మాట.

మర్యాద తెలిసిన నాన్‌బోర్డర్ ఉత్తినే తినడు. ఎవరైనా ఊరికి పోతుంటే అడుగుతాడు: ‘తమ్మీ, నువ్వు కట్ పెట్టకు. నీ పేరు మీద నేను తింట, పైసలు నేనిస్త.’ ఇలాగైతే మెస్ లెక్క చెడదు. పైగా కట్‌లు తగ్గితే రోజు రేటు నిలబడుతుంది. ఊరి నుంచి వచ్చేటప్పుడు మామిడికాయ తొక్కు సీసా తెస్తాడు, సంక్రాంతి తర్వాతైతే సకినాల డబ్బా. సకినాలు బాగా కాల్చి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పెడితే వారాలు నిలుస్తాయి. వేడిమీదే మూత పెట్టారా, రెండో రోజుకే మెత్తబడి నూనె వాసన వేస్తాయి. తొక్కు సీసాలో తడి గరిటె పెట్టినవాడికి గదిలో క్షమాపణ లేదు.

అతను ఇచ్చేది తొక్కు మాత్రమే కాదు. నాలుగేళ్ళ పాత ప్రశ్నపత్రాలు, చేతిరాత నోట్సు, ఏ పోస్టుకి ఏ సర్టిఫికెట్ ఏ ఆఫీసులో తీసుకోవాలన్న పరిజ్ఞానం అతని దగ్గరుంటాయి. లైబ్రరీలో సీటు దొరకాలంటే తెరిచేముందే క్యూలో పుస్తకం పెట్టి రావాలని, కోఠిలో పాత పుస్తకం కొనేముందు చివరి పేజీలు ఉన్నాయో లేదో చూడాలని, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద మొదట చెప్పిన ధరలో సగం నుంచి మొదలెట్టాలని చెప్పేది అతనే. జూనియర్లలో ముందు ఉద్యోగం వచ్చినవాళ్ళు ఎక్కువగా ఇలాంటి అన్నలున్న గదులవాళ్ళు. అందుకే తనిఖీ వస్తోందని తెలిస్తే వరండా అంతా కదిలేది. పరుపు డాబా మీదికి, ట్రంకు పెట్టె పక్క గదికి. కానీ అనుభవమున్న కేర్‌టేకర్ పరుపులు చూడడు. కిటికీ గట్టు మీద టూత్‌బ్రష్‌లు, తాడు మీద లుంగీలు లెక్కపెడతాడు. ఇద్దరి గదిలో నాలుగు బ్రష్‌లున్నా చాలాసార్లు చూడనట్టే పోయేవాడు.

ఇదంతా మగపిల్లల హాస్టళ్ళ సంగతి. అమ్మాయిల హాస్టళ్ళలో గేటు వేళలు, సంతకాల పుస్తకం ఉండేవి, ఎక్కువ మనిషిని దాచడం అంత సులువు కాదు. దాచారు, ఒక మంచం మీద ఇద్దరు సర్దుకుని, హాజరు వేళకి స్నానాల గదిలోకి పంపి. ఆ అమ్మాయికి డాబా లేదు, రాత్రి తార్నాక దాకా నడిచి చాయ్ తాగి కాలం గడిపే వీలు లేదు. హాస్టల్ జ్ఞాపకాలు రాసేది ఎక్కువగా మగవాళ్ళు కావడంతో ఆ ఇరుకు రాతలోకి రాలేదు.

హాస్టల్ ఖాళీ చేయడం ఒక తతంగం. లైబ్రరీలో, డిపార్ట్‌మెంట్‌లో, మెస్‌లో నో డ్యూస్ సంతకాలు తీసుకోవాలి. మెస్ సంతకం పని మొదట మొదలెట్టడం మంచిది, ఎందుకంటే ఆఖరి నెల రేటు తేలేదాకా అది కదలదు, మిగతావి ఒక పూటలో అయిపోతాయి. బాకీ ఉంటే కాషన్ డిపాజిట్‌లో తీసుకుంటారు, రసీదు పోతే అది కూడా చిక్కే. బకెట్, రాడ్డు, తాళం, టేబుల్ ఫ్యాను జూనియర్లకి అమ్ముడుపోతాయి. పరుపుకి మాత్రం బేరం ఉండదు. బస్సు పైన వేసుకుపోతే పరుపు ధర కంటే కూలీ ఎక్కువ, అందుకని సీనియర్ పెద్దమనసుతో వదిలేసి పోతాడు.

ఆ ఉచిత పరుపు తీసుకునేముందు కుట్ల వెంట, మూలల్లో, గుండీల కింద వేలితో మడిచి చూడాలి. నల్లటి చుక్కలుంటే నల్లులున్నట్టే. పరుపు మే నెల ఎండలో డాబా మీద వేసి, గంటకోసారి తిప్పుతూ రోజంతా ఉంచాలి, అదీ కనీసం రెండు మూడు రోజులు. మంచం కీళ్ళలో, పలకల సందుల్లో మరుగుతున్న నీళ్ళు పోయాలి. గోరువెచ్చటి నీళ్ళకి అవి చావవు, పక్కకి జరుగుతాయి. ఒక్క గదిలో చేస్తే లాభం లేదు. పక్క గదులవాళ్ళూ అదే రోజు చేయకపోతే వారంలో గోడ పగుళ్ళ వెంట, బట్టల సంచుల వెంట తిరిగొస్తాయి. గుడ్లు మిగిలితే పది రోజుల్లో పిల్లలవుతాయి కాబట్టి రెండు వారాలు ఆగి ఇంకోసారి తప్పనిసరిగా చేయాలి. నేల మీద పడుకునే అన్న పరుపును మాత్రం అందరికంటే ముందు ఎండలో వేయండి. ఊళ్ళూ గదులూ తిరిగొచ్చేది ఎక్కువగా అదే.